సీలు విప్పని పెట్టె

మాది మూడు తరాల కొట్టు. తాత గుడ్డలమ్మాడు, నాన్న స్టీలు సామానమ్మాడు, నేను నల్లపాడు రోడ్డులో ఫ్యాన్లు, మిక్సీలు అమ్ముతున్నాను. సరుకులు మారాయి గానీ ఇంట్లో నేర్పిన పాఠం ఒక్కటే: విప్పిందంటే పాతదే. సీలు ఉన్నంతవరకే సరుక్కి ధర. మా పెళ్ళికి వచ్చిన డిన్నర్ సెట్టు ఇప్పటికీ అట్టపెట్టెలోనే ఉందంటే, ఆ పాఠం నాకెంత వంటబట్టిందో చూసుకోండి.

అమ్మాయిని ప్రైవేటు బడిలో వేద్దామని ఫీజుల దగ్గర బేరమాడాను. వాళ్ళూ దిగలేదు, నేనూ దిగలేదు. అలా తను ప్రభుత్వ హైస్కూల్లో చేరింది, నేను పేరెంట్స్ కమిటీలో చేరాను.

తను ఎనిమిదిలో ఉండగా బడికి ప్రభుత్వం నుంచి ఒక పెద్ద పెట్టె వచ్చింది. పిల్లలు సొంతంగా పరికరాలు తయారుచేయడం నేర్చుకోవడానికట. సెన్సర్లు, చిన్న మోటార్లు, బోర్డులు, బ్యాటరీలు. హెడ్మాస్టరు గారు పెట్టెకు పసుపు కుంకుమ పెట్టి నావైపు తిరిగారు.

"మీరు వ్యాపారస్తులు. ఏమంటారు?"

"విప్పకండి సార్. ఒక్క ముక్క పోయినా జవాబు మీరే చెప్పాలి. పైవాళ్ళు వచ్చి చూసేదాకా బీరువాలో పెట్టి తాళం వేయండి. సీలుంటే మనం సేఫు."

ఆయన మొహం తేటపడింది. కమిటీ అంతా తలలూపింది. నా మాట మా ఇంట్లో కూడా అంత తేలిగ్గా ఎప్పుడూ నెగ్గలేదు.

ఆ ఏడు మిరపకాయలు కళ్ళాల్లో ఆరుతుండగా అకాలవర్షం పడింది. అమ్మాయి స్నేహితురాలి వాళ్ళ కాయ తడిసి, రంగు పోయి, తాలుకాయ కింద సగం ధరకే అమ్ముడుపోయింది. మర్నాడు మా అమ్మాయి కొట్టుకొచ్చి కౌంటరు మీద మోచేతులు ఆనించింది.

"నాన్నా, చినుకు పడగానే అరిచే మిషను చేస్తా. పట్టాలు కప్పుకోడానికి టైం దొరుకుద్ది. కావాల్సినవన్నీ ఆ పెట్టెలో ఉన్నాయంట. సార్‌కి చెప్పవా?"

"పరీక్షలవనీ."

"అయ్యాక?"

"తనిఖీకి వస్తారంట. అదవనీ."

బేరాన్ని సాగదీస్తే ఎదుటివాడు విసిగి వెళ్ళిపోతాడని నాకు తెలుసు. నా ఎదుట ఉన్నది కూతురని మర్చిపోయాను.

తను ఆగలేదు. కొట్టు చెత్తలోంచి పాత బ్యాటరీ బెల్లు, రెండు తీగలు, బిర్యానీ పొట్లం రేకు ఏరుకుని ఏదో కట్టి, రెండో కోత కాయ ఆరుతున్న స్నేహితురాలి వాళ్ళ కళ్ళంలో పెట్టింది. తెల్లవారుజామున అది కేకలు పెట్టింది. వాళ్ళ ఇంటిల్లిపాదీ పరుగెత్తి పట్టాలు కప్పారు. తీరా చూస్తే వాన లేదు. మంచు.

పొద్దున్నే ఆ పిల్ల తండ్రి కొట్టు ముందు బండి ఆపాడు.

"ఏం అన్నా, మీ అమ్మాయి బెల్లుకంటే మా కోడిపుంజు నయం. అది కూసిందంటే తెల్లారినట్టే!" అని నవ్వి, వెళ్ళబోతూ ఆగాడు. "అయినా ఇంకోటి చెయ్యమను. నిజంగా వానొచ్చుంటే కాయ దక్కేది."

అమ్మాయి నొచ్చుకోలేదు. "మంచుకీ చినుక్కీ తేడా పట్టాలి నాన్నా. తడి ఎంతుందో కొలిచే ముక్క ఆ పెట్టెలో ఉంది. ఆ ఒక్కటీ అడుగు."

"ఒక్కటి తీసినా సీలు పోద్దిగా తల్లీ."

తొమ్మిదో తరగతి కూడా అలాగే గడిచిపోయింది. పదిలో ఉండగా తనిఖీకి వచ్చారు. సీలు చెక్కుచెదరలేదు. నేను కాస్త గర్వంగానే నిలబడ్డాను. టేపు కోశారు. బ్యాటరీలు ఉబ్బి, కారి, బోర్డుల మీద పచ్చటి పొడి పేరుకుని ఉంది.

"ఎంతమంది పిల్లలు వాడారండీ?" అన్నాడు వచ్చినాయన.

హెడ్మాస్టరు గారు నావైపు చూశారు. నేను బీరువా వైపు చూశాను.

సైన్సు మేడమ్ మా అమ్మాయిని పిలిపించింది. తను తడి కొలిచే ముక్క తీసింది. అటూ ఇటూ తిప్పింది. గోటితో పచ్చపొడి గీకి చూసి, ఎక్కడిదక్కడ పెట్టేసింది.

"బాగుచేయగలవా అమ్మా?"

"టెన్త్ మేడమ్. స్లిప్ టెస్టులున్నాయి."

వచ్చే ఏడు కొత్త పెట్టె పంపిస్తామని వాళ్ళు వెళ్ళిపోయారు. దాన్ని ఏ బీరువాలో పెట్టాలన్న చర్చ కమిటీలో అప్పుడే మొదలైంది. పిల్లల చేతికి ఎప్పుడిద్దామని అడిగాను.

"మీరేనా ఈ మాటనేది?" అన్నారు హెడ్మాస్టరు గారు.

ఆ సాయంత్రమే గుంటూరు బజారుకెళ్ళి అలాంటి ముక్కలున్న చిన్న పెట్టె కొన్నాను. చెప్పిన ధరకే. కొట్టతను నా నోటును అనుమానంగా వెలుతురుకు పట్టి చూసుకున్నాడు. ఇంటికి రాగానే నా చేత్తోనే టేపు చింపి, ముక్కలన్నీ అమ్మాయి బల్ల మీద టెస్టు పేపర్ల పక్కన పరిచాను. పుట్టి బుద్ధెరిగాక సరుకును నేనలా ఎప్పుడూ విప్పలేదు.

"కాయ కళ్ళాల్లోకి వస్తోందమ్మా. ఆ మిషను మళ్ళీ చెయ్యి."

తను ముక్కల్ని చూసింది, నన్ను చూసింది. కోపం లేదు.

"చూద్దాంలే నాన్నా. పరీక్షలవనీ."

మర్నాడు పొద్దున చూస్తే పెట్టె బల్ల కింద ఉంది. ముక్కలన్నీ లోపల సర్ది, పైన కొత్త టేపు వేసి ఉంది. ఎక్కడా ఒక్క ముడత లేదు. టేపు అలా వేయడం తనకు నేనే నేర్పాను.