కళ్యాణ్ నుదుటి మీది బొట్టు

ఆగస్టు నెలలో మన దగ్గర స్వేచ్ఛ గురించి మాట్లాడని మైకు ఉండదు. బడిలో హెడ్మాస్టరు మాట్లాడతాడు, పంచాయతీ ఆఫీసు ముందు సర్పంచి మాట్లాడతాడు, ఆ వారం ప్రార్థన మందిరంలో పాస్టరు కూడా అదే అందుకుంటాడు. సరిహద్దులో జవాను రక్తం కార్చి దేశానికి స్వేచ్ఛ ఇచ్చాడు, సిలువ మీద క్రీస్తు రక్తం కార్చి ఆత్మకు స్వేచ్ఛ ఇచ్చాడు. వినడానికి బాగుంటుంది. రెండు త్యాగాలనూ పక్కపక్కన నిలబెట్టి, అందరి చేతా ఆమెన్ అనిపించి, బిస్కెట్లు పంచేస్తే కార్యక్రమం ముగుస్తుంది. ఆ రెండు స్వేచ్ఛలూ ఒకే ఇంట్లోకి వచ్చి ఒకే మనిషి నెత్తిన కూర్చుంటే ఏమవుతుందో మాత్రం ఏ ప్రసంగంలోనూ ఉండదు. అది తెలియాలంటే నెల్లిమర్లకు అవతల, రామతీర్థం కొండలు కనిపించే ఒక చిన్న ఊళ్లో ఉండే జగ్గమ్మ సంగతి తెలియాలి.

జగ్గమ్మకు యాభై ఏళ్లు. జూట్ మిల్లులో పని. యంత్రాల హోరు మీద మాట్లాడి మాట్లాడి ఆమె గొంతు ఎంత పెద్దదైపోయిందంటే, గుసగుసలాడినా వీధి చివరికి వినిపిస్తుంది. ఆ ఊళ్లో ఆమెకు తెలిసిన రహస్యాలేవీ రహస్యాలుగా మిగలకపోవడానికి కారణం అంతకంటే ఏమీ లేదు.

పుట్టింది వరీ వేరుశనగా పండించే రైతుల ఇంట్లో. ఇరవై మూడేళ్ల కిందట, మిల్లులో తోటి కార్మికురాలు అనిత మధ్యాహ్నం అన్నం తిన్నాక రోజూ కాసేపు సువార్త చదివేది. చదువు రాని జగ్గమ్మ పక్కన కూర్చుని వింది. తర్వాత అక్షరాలు నేర్చుకుంది. ఆ తర్వాత ఆ పుస్తకం తనే అడిగి తీసుకుంది. ఇలాంటి కథల్లో మామూలుగా వచ్చే జబ్బు నయం కావడం, కలలో వెలుగు కనపడడం ఇందులో లేవు. "నీకేటి మేలు జరిగిందే?" అని అడిగినవాళ్లకు ఆమె జవాబు ఇప్పటికీ ఒకటే: "మేలూ లేదు, కీడూ లేదు. ఆ మాటలు నాకు నచ్చినాయి, ఎల్లాను."

చంపావతి నదిలో బాప్తిస్మం తీసుకుంది. పాస్టరు సారా అని పేరు పెడతానంటే ఒప్పుకోలేదు. "జగ్గమ్మా అంటే పలుకుతాను. సారా అంటే ఎవర్నో పిలుస్తన్నారనుకుంటాను" అంది. భర్త గంగులు ఇంకో అభ్యంతరం చెప్పాడు: "మా ఇంట్లో సారా ఉన్నాదని తెలిస్తే సాయంత్రానికి ఊరంతా వచ్చి కూకుంటారు పాస్టరుగారూ, మీకు దండం."

తండ్రి జగన్నాధానికి ఇందులో నవ్వు కనపడలేదు. కబురు వినగానే, చావు కబురు విన్నట్టు, బోరు కింద కూర్చుని తల మీద నీళ్లు పోసుకున్నాడు. పదో రోజున చుట్టాలను పిలిచి భోజనాలు పెట్టాడు. బతికున్న కూతురికి దినం. తమ్ముడు కూర్మయ్య విస్తళ్లు వేశాడు. ఆ రోజు జగ్గమ్మ మిల్లులో షిఫ్టులో ఉంది. భోజనానికి వెళ్లొచ్చిన ఒకామె ఈ సంగతి దాచలేక, చెప్పలేక చెప్పేస్తే, "కూరలేటి పెట్టినారు?" అని అడిగింది. అడిగి మళ్లీ పనిలోకి వెళ్లింది. పుట్టింటి గడప మళ్లీ తొక్కలేదు. తండ్రి పోయినప్పుడు వీధిలో నిలబడి చూసింది. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు.

గంగులు మతం మారలేదు. భార్యను మారొద్దని కూడా అనలేదు. ప్రతి ఆదివారం ఆమెను టీవీఎస్ బండి మీద మందిరం దగ్గర దింపి, ఎదురుగా టీ కొట్లో కూర్చుని, లోపల పాటలు అయిపోయే వేళకు మూడో టీ తాగేవాడు. కొడుకు కళ్యాణ్ ఈ ఇద్దరి మధ్యా పెరిగాడు. ఆదివారం తల్లితో మందిరానికి, శ్రీరామనవమికి తండ్రితో రామతీర్థానికి. ఈ జిల్లాల కుర్రాళ్లు చాలామందిలాగే తెల్లారకముందే రోడ్డు మీద పరుగులు తీసి, పద్దెనిమిదేళ్లు నిండగానే సైన్యంలో చేరాడు. వెళ్లేముందు జగ్గమ్మ ఒక్కటే అడిగింది.

"నువ్వు ఏ కొండల్లో ఉంటావో నాకు తెల్దు. బాప్తిస్మం తీసుకెల్లరా. నాకు బెంగుండదు."

"అలగేలే అమ్మా" అన్నాడు. అదే చంపావతిలో మునిగి లేచాడు. మర్నాడు రైలెక్కాడు.

ఎనిమిదేళ్లు గడిచాయి. మొన్న జనవరిలో ఉత్తరాన ఎక్కడో మంచు చరియ విరిగి గస్తీ తిరుగుతున్న జవాన్ల మీద పడింది. కళ్యాణ్ జెండాలో చుట్టుకుని ఇంటికొచ్చాడు. తుపాకులు పేలాయి, పాస్టరు కొండబాబు ప్రార్థన చేశాడు, క్రైస్తవ సంఘం స్థలంలో పాతిపెట్టారు.

జగ్గమ్మ ఏడ్చిందిగానీ కూలిపోలేదు. ఊరు ఆశ్చర్యపోయింది. అందులో మర్మం ఏమీ లేదు. విశ్వాసంతో కన్నుమూసినవాళ్లు పరలోకంలో మళ్లీ కలుస్తారని, మిగతావాళ్లు కలవరని ఆమె సంఘం బోధించింది. ఆమె ఆ బోధను ఉపమానంగా తీసుకోలేదు, బస్సు వేళలను నమ్మినట్టు నమ్మింది. కొడుకు బాప్తిస్మం తీసుకున్నాడు కాబట్టి మళ్లీ కనిపిస్తాడు. ఆ ఏడు నెలలూ ఆమెకు అన్నం సహించిందంటే దాని మీదే.

ఊరి యువజన సంఘం కళ్యాణ్ విగ్రహం పెట్టాలనుకుంది. ఈ వైపు ఊళ్లలో రోడ్డు మలుపుకొక జవాను విగ్రహం ఉంటుంది, చూడనట్టే దాటిపోతాం. సంఘం ప్రెసిడెంటు గిరిబాబు కొత్తవలస రోడ్డులో విగ్రహాలు చేసే అప్పలస్వామికి పని అప్పజెప్పాడు. ముఖానికి ఫొటో కావాలంటే, కళ్యాణ్‌తో పాటు అదే యూనిట్లో పనిచేసిన పలాస కుర్రాడు మురళీమోహన్ ఫోన్లోంచి పంపించాడు. ఆగస్టు పదిహేనో తారీఖున ఆవిష్కరణ. మురళీమోహన్ సెలవు పెట్టి వచ్చాడు. రెండు రోజుల ముందు అతన్నీ జగ్గమ్మనూ గంగులునూ వెంటబెట్టుకుని గిరిబాబు అప్పలస్వామి షెడ్డుకు వెళ్లాడు.

షెడ్డులో నాయకులు వరుసగా నిలబడి ఉన్నారు, సగం మందికి ఇంకా చేతులు రాలేదు. చివర కళ్యాణ్. సిమెంటు ఆరింది, రంగులు పడ్డాయి. దవడ అచ్చంగా వాడిదే. జగ్గమ్మ చూస్తూ నిలబడింది. తర్వాత ఆమె చూపు నుదుటి మీద ఆగింది. నిలువుగా, ఎర్రగా, వేలెడంత బొట్టు.

"మావోడికి బొట్టేటి?"

"ఫొటోలో ఉన్నాదమ్మా. ఉన్నదే ఏసినాను" అన్నాడు అప్పలస్వామి.

"గోకీ."

గిరిబాబు అడ్డం వచ్చాడు. "పిన్నీ, ఒక్క బొట్టుకి ఏటైపోద్ది? ఊరంతా సూసే మొకం. బోసిగా నిలబెడతామేటి?"

"నా మొకం ఇరవై మూడేళ్ల నించి బోసిగానే ఉన్నాది కదేట్రా. రోజూ సూత్తన్నావు. ఎప్పుడైనా జడుసుకున్నావా?"

గంగులు నవ్వాడు. అప్పలస్వామి నవ్వుతూనే ఉప్పు కాగితం తీసుకుని స్టూలెక్కాడు. నవ్వనిదల్లా మురళీమోహన్ ఒక్కడే. అతను తల తిప్పుకుని రోడ్డు వైపు చూస్తున్నాడు. జగ్గమ్మ అది గమనించింది.

"ఏటి బాబూ?"

"ఏటీ లేదమ్మా. హోలీ నాడు ఎవుడో రాసుంటాడు. తీయించీండి."

"ఆ ఫొటో ఎప్పటిది?"

"నవంబర్లోదమ్మా."

"నవంబర్లో హోలీ ఏటి?"

అప్పలస్వామి చెయ్యి గాల్లోనే ఆగింది. జగ్గమ్మ ఫోను అడిగి తీసుకుంది. వేలితో ఒక్కో ఫొటో జరిపింది. మంచులో కళ్యాణ్, గుడారం ముందు కళ్యాణ్, రొట్టె తింటూ కళ్యాణ్. అన్నిట్లోనూ బొట్టు ఉంది.

"అబద్దం ఆడకు. నాకు సెప్పు."

మురళీమోహన్ చెప్పాడు. యూనిట్లో అన్ని మతాలకూ కలిపి ఒకటే గది. దేవుళ్ల పటాలు, సిలువ, పక్కపక్కనే. మొదట్లో కళ్యాణ్ సిలువ దగ్గరే కూర్చునేవాడు. నాలుగేళ్ల కిందట జరిగి దేవుళ్ల పటాల వైపు కూర్చున్నాడు. ఎవరూ రమ్మనలేదు, ఎవరూ పెట్టలేదు. గస్తీకి వెళ్లేముందు బొట్టు తనే పెట్టుకునేవాడు.

"మీ అమ్మ ఏటంటాదిరా అని నానే అడిగినానమ్మా. 'అమ్మకి నచ్చింది, అమ్మ ఎల్లింది. నాకు నచ్చింది, నానెల్తన్నాను' అన్నాడు. ఈ సెలవుకొచ్చి మీకు సెప్పీవాలని అనుకున్నాడు. మంచులో నడవడానికి బయపడలేదుగానీ, దీనికి మాత్రం బయపడ్డాడు."

జగ్గమ్మ అక్కడే బోర్లించిన సిమెంటు గమేళా మీద కూర్చుంది. ఆమె చేతిలోంచి ఏం జారిపోయిందో ఆ షెడ్డులో గంగులుకు తప్ప ఎవరికీ పూర్తిగా తెలియదు. అతను పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"గోకించీయే" అన్నాడు మెల్లగా. "ఆడేటీ అనుకోడు. మీ సంఘానికీ తెల్దు, ఎవులికీ తెల్దు. నీకు అన్నం సయించాల కదా."

"నువ్వు ఎరుగుదువా బావా?"

"ఎరుగుదును. ఫోన్లో సెప్పినాడు."

"నాకు సెప్పలేదేటి?"

"ఆడే సెప్తానన్నాడు. ఆడి మాట నానెందుకు సెప్తాను?"

ఇది గమనించాలి. బొట్టు పెట్టుకునే మనిషి, కొడుకు తన వైపు వచ్చాడని తెలిసిన మనిషి, భార్య కోసం ఆ బొట్టు చెరిపేయమంటున్నాడు. మతసామరస్యం మీద ఉపన్యాసాలు ఇచ్చేవాళ్లు ఒకసారి ఆ గమేళా పక్కన గొంతుక్కూర్చుంటే బాగుణ్ణు.

ఉప్పు కాగితంతో నాలుగు రుద్దులు. అంతే పని. కళ్యాణ్ ఆమె కొడుకుగా, మందిరంలో చెప్పుకునే క్రైస్తవ వీరుడిగా, పరలోకంలో ఎదురుచూసేవాడిగా నిలిచిపోతాడు. రుద్దకపోతే, తను నమ్మిన బోధ ప్రకారమే, కొడుకును రెండోసారి పోగొట్టుకున్నట్టు. ఈసారి ఎప్పటికీ.

ఆమె తలెత్తి విగ్రహం నుదురు చూసింది. మాట్లాడినప్పుడు ఆ పెద్ద గొంతు చిన్నదైపోయింది.

"నచ్చిన దారిలో ఎల్లానని మా నాన్న నాకు దినం పెట్టినాడు. ఇప్పుడు నాను ఈడి మొకం గోకీస్తే మా నాన్నకీ నాకూ తేడా ఏటున్నాది?" లేచి నిలబడింది. "ఉంచీ అప్పలస్వామీ. కుడేపు కొంచెం వొంకరున్నట్టున్నాది. సరిసెయ్యి."

స్వేచ్ఛ కోసం పుట్టిల్లు వదులుకున్నవాళ్లు మన చరిత్రలో ఉన్నారు, ప్రాణం వదులుకున్నవాళ్లు ఉన్నారు. ఇంకొకరి స్వేచ్ఛ కోసం తన పరలోకపు ఆశను వదులుకున్న మనిషి, అదీ దేవుణ్ణి వదలకుండా, ఎక్కడైనా ఉందా అని వెతికితే పుస్తకాలలో వెంటనే దొరకదు. నెల్లిమర్ల పక్కన దొరుకుతుంది. ఆ రోజు షెడ్డులో ఉన్నవాళ్లు ఇప్పటికీ ఈ సంగతి గొంతు తగ్గించి చెబుతారు. అప్పలస్వామి అయితే, ముప్పై ఏళ్లుగా ముఖాలు చేస్తున్నాను, ఆ నిమిషంలో ఆవిడ ముఖం ఎలా ఉందో చెయ్యమంటే నా చేతకాదు అంటాడు.

పదిహేనో తారీఖున ముసుగు తీశారు. గిరిబాబు మైకు పట్టుకుని, "సూసినారా, మన కళ్యాణ్ ఆకరికి మనోడే" అన్నాడో లేదో, జగ్గమ్మ ముందుకొచ్చింది. మైకు ఆమెకు అవసరం లేదు.

"ఒరే గిరీ, అది నువ్వు పెట్టిన బొట్టు కాదు, ఆడు పెట్టుకున్నది. ఆడు మీవోడూ కాడు, మావోడూ కాడు, ఆడికి ఆడే. ఇంకోసారి మనోడంటే సెవి మెలేసెత్తాను."

జనం నవ్వారు. గిరిబాబు చెవి పట్టుకుని చూసుకుని, "పిన్నీ, తప్పైపోనాది" అన్నాడు. గంగులు కొబ్బరికాయ కొట్టాడు. ఆమె రెండడుగులు పక్కకు జరిగి, కొంగు తల మీద కప్పుకుని, కళ్లు మూసుకుని తన ప్రార్థన చేసుకుంది. కొబ్బరి ముక్క ఇస్తే, ఎప్పటిలాగే వద్దంది.

కొండబాబు పాస్టరుకు సంగతి తెలిసి శనివారం ఇంటికి వచ్చాడు. మంచివాడే. "బాప్తిస్మం తీసుకున్నాడు కదమ్మా, సంఘంలో ఇదంతా చెప్పక్కర్లేదు" అన్నాడు. జగ్గమ్మ టీ ఇచ్చి పంపేసింది.

ఆదివారం సాక్ష్యాలు చెప్పే వేళ లేచి నిలబడింది.

"మా కళ్యాణ్ నమ్మి మునగలేదు. నా బెంగ తీరాలని మునిగినాడు. ఆడ్ని ఆ నీళ్లలోకి తోసింది నానే. ఆడు ఏరే దారిలో ఎల్లాడు, ఆ దారిలోనే పోయినాడు. క్రైస్తవ వీరుడని ఆడి పేరు ఇక్కడ సెప్పకండి. అది అబద్దం, దేవుడి ముందర అబద్దం వొద్దు."

పాస్టరు తడబడ్డాడు. ప్రసంగం కాగితం మడతపెట్టి పక్కన పెట్టి, మెల్లగా అడిగాడు: "మరి కళ్యాణ్ గురించి దేవుణ్ణి ఏం అడగమంటావమ్మా?"

"ఆడి గురించి ఏటీ అడక్కండి అయ్యగారూ. దేవుడూ ఆడూ ఎదురెదురుగా ఉన్నారు, ఆలిద్దరూ సూసుకుంటారు. మద్దిని మనమెందుకు?" అంది. "నాకు నాలుగు రోజుల నించి నిద్ర లేదు. నిద్ర పట్టాలని అడగండి."

పాస్టరు మోకాళ్ల మీద కూర్చున్నాడు. సంఘమంతా కూర్చుంది. ఎదుటి టీ కొట్లో గంగులు, లోపల తర్వాతి పాట ఎందుకు మొదలవలేదో తెలియక, గ్లాసు బల్ల మీద పెట్టి లేచి నిలబడ్డాడు.