అత్తగారి ఎర్ర కన్ను

ఆ వీధిలో ఆమెను అందరూ కర్టెన్లమ్మ అనే పిలుస్తారు. ఇంటి ముందుగదే ఆమె దుకాణం. రోడ్డువైపు కిటికీ పక్కన కుట్టుమిషను, గోడ పొడవునా బట్టల తానులు, నేలమీద పరిచిన పాత దుప్పటి. ఆ దుప్పటి మీద మోకాళ్లూని ఆమె పొడుగాటి పరదాలు కత్తిరిస్తూ ఉంటే దారినపోయేవాళ్లు కిటికీలోంచి పలకరించి పోతుంటారు. భర్త దూరప్రయాణాల బస్సు నడుపుతాడు. వెళ్లాడంటే మూడు నాలుగు రోజులకు గాని గడప తొక్కడు. కాబట్టి ఆ ఇంట్లో రోజూ మసిలేది ఇద్దరే. ఆమె, ఆమె అత్తగారు.

అత్తగారు ఒకప్పుడు రైల్వే స్టేషనులో టికెట్లిచ్చేది. నోరూ చురుకే, చెయ్యీ చురుకే. కాపురానికి వచ్చిన కొత్తలో కోడలికి ఆమెను చూస్తే గుండె దడదడలాడేది. పోను పోను ఆ నోటి వెనకున్న మనసు తెలిసొచ్చి ఇద్దరికీ పొత్తు కుదిరింది. మిషను కొనిపెట్టి, "ఇంట్లో కూర్చుని గోళ్లు గిల్లుకునే బదులు ఏదైనా కుట్టరాదూ" అని వెనకపడి పని నేర్పించింది ఆ అత్తగారే.

ఇప్పుడు ఆమెను మతిమరుపు కమ్మేసింది. గుమ్మంలోకి ఎవరొచ్చినా, "ఎక్కడికి? తొందరగా చెప్పండి, వెనకాల క్యూ ఉంది" అంటుంది. పార్సిల్ తెచ్చినతను ఒకసారి "మీ ఇంటికేనండీ" అంటే, "ఆ బండి రద్దయింది, రేపు రండి" అని తలుపేసింది. అతను వీధంతా చెప్పుకుని నవ్వాడు. కర్టెన్లమ్మా నవ్వింది. కానీ ఆ నవ్వులు వచ్చిపోయేవాళ్లకే గాని, పొద్దస్తమానం పక్కనుండేవాళ్లకు ఎంతసేపని? "టైమెంతయింది అమ్మాయ్" అన్న ప్రశ్నకు జవాబు చెప్పి సూదిలో దారం ఎక్కించేలోగా మళ్లీ "టైమెంతయింది అమ్మాయ్" అని వినపడుతుంది. దానికితోడు గుండె ఆపరేషనయిన దగ్గర్నుంచి రక్తం పల్చబడే మాత్రలు, చలిగాలి తగిలితే చాలు వదలని దగ్గు.

ఒక హోటలువాళ్లు తెల్ల పరదాలు కుట్టమని పని అప్పగించారు. మర్నాటికల్లా ఇచ్చెయ్యాలి. ఆ మధ్యాహ్నం ఆమె తల ఎత్తకుండా కుడుతోంది. అత్తగారు వంటింట్లోంచి రెండు చేతులా టీ కప్పు పట్టుకుని, అడుగులో అడుగు వేసుకుంటూ వచ్చింది.

"పొద్దుట్నుంచీ వంగిపోయి ఉన్నావు. తాగమ్మాయ్."

ఆ మాట పూర్తవుతూండగానే పాదం దుప్పటి అంచుకు తట్టుకుంది. టీ అంతా తెల్లబట్ట మీద పడింది.

కర్టెన్లమ్మకు ఒళ్లు తెలియలేదు. అత్తగారిని జబ్బ పట్టుకుని వాష్‌బేసిన్ దగ్గరికి లాక్కెళ్లింది. పెదాల చుట్టూ బిస్కెట్ పొడి, గడ్డం మీద టీ. తువ్వాలు తడిపి, అంటుపట్టిన గిన్నె తోమినట్టు ఆ మొహం తోమింది.

"నొప్పమ్మా. నేను తుడుచుకుంటాలే."

"మీరేం చెయ్యక్కర్లేదు. మీరు చేసింది చాలు."

చేతిలో ఒత్తిడి తగ్గించలేదు సరికదా, ఇంకా పెంచింది. ఆ సంగతి ఆ క్షణంలోనే ఆమెకు తెలుసు. తరవాత అత్తగారిని గదిలో కూర్చోబెట్టి తలుపు ధడాలున వేసి వచ్చింది. మరకపడ్డ ముక్క కోసేసి కొత్త ముక్క అతికించింది. భోజనం పెట్టింది గాని మాట్లాడలేదు. ఆ రాత్రి పక్కగదిలోంచి దగ్గు తెరలు తెరలుగా వస్తుంటే, ఎప్పుడూ గోరువెచ్చటి నీళ్లు పట్టుకెళ్లే మనిషి, దగ్గితే దగ్గనీ అనుకుని అటు తిరిగి పడుకుంది.

తెల్లారి టీ తీసుకుని గదిలోకి వెళ్లిన ఆమె గుమ్మంలోనే నిలబడిపోయింది. అత్తగారి ఎడమ కంట్లో తెల్లగుడ్డు కనబడలేదు. నల్లగుడ్డుకు ఒక పక్కంతా చిక్కటి ఎరుపు, లోపల ఎవరో నెత్తురు పోసి మూత పెట్టినట్టుగా ఉంది.

"అత్తయ్యా, కన్ను నొప్పెడుతోందా?"

"నాకేం నొప్పి? నీ మొహమే పాలిపోయింది. తిన్నావా?"

పెద్దావిడ లేచి అద్దం ముందుకు వెళ్లి చూసుకుంది. "ఎవరే ఈ ముసలిది? నామీద కన్నెర్ర చేస్తోంది!"

ఇంకోరోజైతే పకపకా నవ్వేది. ఇప్పుడు నా చేతులు పడిపోనూ అనుకుంది. కన్ను పోతుందేమో. లోపలెక్కడో నరం చిట్లి అది తలకెక్కుతుందేమో. తువ్వాలు కింద నలిగిన ఆ ముడతల మొహమే కళ్లముందు ఆడింది. వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలని తెలుసు. తీసుకెళ్తే ఎలా అయిందని అడుగుతారనీ తెలుసు. అందుకే తీసుకెళ్లలేదు. భర్త ఎండలో బండి నడిపేటప్పుడు పెట్టుకునే నల్లకళ్లద్దాలు తీసి అత్తగారికి పెట్టింది. భర్త వీడియో కాల్ చేసి "అమ్మకివ్వు" అంటే, "స్నానం చేస్తున్నారండీ" అంది. పరదాలు తీసుకుపోవడానికి వచ్చిన హోటలు మనిషి "మామ్మగారు భలే స్టైలుగా ఉన్నారే" అంటే, మూట అతని చేతిలో పెట్టి తలుపేసింది.

సాయంత్రం ఆడపడుచు వచ్చింది. ఇంట్లో ఆమెను చిట్టి అంటారు. ఊరికి ఆ చివర బడిలో లాబొరేటరీలో పని. వీలున్నప్పుడల్లా పళ్లు పట్టుకొచ్చి, తల్లి పక్కన ఓ గంట కూర్చుని వెళ్తుంది.

"ఏంటమ్మా ఈ వేషం?" అంటూ కళ్లద్దాలు తీసింది. తీసిన చెయ్యి అలాగే గాల్లో ఆగిపోయింది.

"ఇదేంటి వదినా!"

"తలుపు తగిలింది." ఆ అబద్ధం ఎక్కణ్ణుంచి వచ్చిందో గాని, అడగ్గానే నాలుక చివర సిద్ధంగా ఉంది.

"ఏ తలుపు?"

"బాత్రూం తలుపు. నిన్న."

"నిన్న తగిలితే ఇవాళ్టిదాకా ఇంట్లో పెట్టుక్కూర్చున్నావా? నాకొక్క ఫోన్ చెయ్యలేకపోయావా?"

చిట్టి అప్పటికప్పుడే టాక్సీ పిలిచింది. దారిపొడుగునా తల్లి చెయ్యి పట్టుకుని, ఫోన్‌లో ఏదో రాస్తూ, చెరిపేస్తూ కూర్చుంది. వదిన వైపు చూడలేదు.

కంటి ఆసుపత్రిలో డాక్టరమ్మ వయసులో చిన్నది. పెద్దావిడ ఆమెను చూడగానే "ఎక్కడికి?" అని అడిగింది.

"ఎక్కడికీ లేదు మామ్మగారూ, ఇక్కడే ఉంటాను," అని డాక్టరమ్మ నవ్వి, "ఎలా అయింది?" అంది.

"తలుపు తగిలిందట," అంది చిట్టి. ఆ 'అట' కర్టెన్లమ్మకు చురుక్కున తగిలింది. గుండె ఆపరేషను సంగతీ, వేసుకునే మాత్రల సంగతీ కూడా చిట్టే చెప్పింది.

డాక్టరమ్మ నవ్వు మాయమైంది. "తలుపు అంచా, గొళ్లెమా? తలకి తగిలిందా? కింద పడ్డారా? వాంతులేమైనా అయ్యాయా? చూడండి, రక్తం పల్చబడే మాత్రలు వేసుకునేవాళ్లకి తల మీద దెబ్బంటే మేం తేలిగ్గా తీసుకోం. వెంటనే తలకి స్కాన్ తీయించాలి. కంటి లోపల కూడా దెబ్బ తగిలిందేమో చూడాలి. సరిగ్గా చెప్పండి."

తన అబద్ధం ఇంతదూరం నడిచివెళ్తుందని ఆమె అనుకోలేదు. ఇంకో మాట అతికిస్తే పెద్దావిణ్ణి ఆ యంత్రాల్లోకి తోస్తారు.

"తలుపు తగల్లేదండీ," అంది. "నేనే. నిన్న మధ్యాహ్నం టీ ఒలకబోశారని కోపం వచ్చి తువ్వాలుతో మొహం గట్టిగా తుడిచాను. వద్దమ్మా నొప్పి అంటున్నా తుడిచాను. రాత్రి భోజనం దాకా బాగానే ఉంది, పొద్దున లేచేసరికి కన్ను ఇలా ఉంది. భయపడి తలుపని చెప్పాను."

చిట్టి అప్పుడు వదిన వైపు తిరిగింది. డాక్టరమ్మ పెద్దావిడ చేతులు మెల్లగా తన చేతుల్లోకి తీసుకుని, జాకెట్టు చేతులు పైకి జరిపి చూసింది. చెవుల వెనకా, మెడ మీదా చూసింది. ఎందుకు చూస్తోందో కర్టెన్లమ్మకు అర్థమైంది. వెతుకుతున్నది తను కొట్టిన దెబ్బల కోసమే. భూమి చీలి తనను మింగేస్తే బాగుండుననిపించింది. నిన్న పట్టుకున్న జబ్బ మీద ఏ గుర్తూ లేదు. అయినా ఆ చోటు డాక్టరమ్మ వేళ్లకింద కనబడ్డంతసేపూ ఆమె ఊపిరి బిగబట్టే ఉంది.

తర్వాత గోడమీది అక్షరాలు చదివించారు. పెద్దావిడ గడగడా చదివేసి "ఇంకెవరు?" అంది. కంట్లోకి దీపం వేసి చూశారు, లోపలి ఒత్తిడి చూశారు, రక్తపోటు చూశారు. అంతా అయ్యాక డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి లాక్కుంది.

"భయపడాల్సిందేం లేదు. తెల్లగుడ్డు మీద పల్చటి పొర ఒకటుంటుంది, అద్దంలా ఉంటుంది కాబట్టి మనకి కనబడదు. దానికింద వెంట్రుకలకన్నా సన్నటి రక్తనాళాలుంటాయి. వాటిలో ఒకటి చిట్లింది, అంతే. ఆ రక్తం బయటికి రాలేదు, లోపలికీ పోలేదు, పొరకింద పరుచుకుంది. చేతిమీద కమిలితే పైన చర్మం ఉంది కాబట్టి నల్లగా, నీలంగా కనబడుతుంది. ఇక్కడ అద్దం వెనక ఉన్నట్టుంది గనక ఇంత ఎర్రగా కనబడుతోంది. చూపుకేం ఢోకా లేదు."

"చుక్కల మందు?" అంది చిట్టి.

"అక్కర్లేదు. దానంతట అదే పోతుంది. రేపో ఎల్లుండో ఇంకాస్త పాకినట్టు కనబడొచ్చు, కంగారు పడకండి. తర్వాత పసుపుపచ్చగా మారి, రెండు మూడు వారాల్లో తెల్లబడుతుంది. నొప్పి వచ్చినా, చూపు మసకేసినా, మాటిమాటికీ ఇలాగే అవుతున్నా మాత్రం తీసుకురండి. గుండె మాత్రలు మీ అంతట మీరు ఆపెయ్యకండి. రక్తం మరీ పల్చబడిందేమో పరీక్ష రాసిస్తాను, అది చేయించి గుండె డాక్టరుకి చూపించండి. దగ్గు గాని, తుమ్ములు గాని ఉన్నాయా?"

"దగ్గుందండీ," అంది కర్టెన్లమ్మ. "రాత్రంతా దగ్గారు."

"అయితే చాలావరకు దానివల్లే అయ్యుంటుంది. గట్టిగా దగ్గితే చాలు ఆ నాళాలు చిట్లడానికి. ఇలాంటి మాత్రలు వేసుకునేవాళ్లకి మరీను. తువ్వాలు వల్ల కానే కాదని ఒట్టేసి చెప్పలేను. కన్ను గట్టిగా రుద్దినా అవుతుంది. కానీ నిన్న మధ్యాహ్నం తుడిచారు, రాత్రి భోజనం దాకా కన్ను బాగానే ఉందంటే, నాకు దగ్గు మీదే అనుమానం."

వేరే ఎవరైనా అయితే ఆ మాటకు గుండెలమీంచి బరువు దిగిపోయేది. కర్టెన్లమ్మకు ఆ బరువు ఓ భుజం మీంచి ఇంకో భుజానికి మారిందంతే. ఆ దగ్గు తను విన్నది. విని అటు తిరిగి పడుకున్నది. "నేను లేవలేదండీ," అంది, చిన్నపిల్ల తప్పు ఒప్పుకున్నట్టు. "రోజూ లేచి నీళ్లిస్తాను. నిన్న కావాలనే లేవలేదు."

"లేచినా దగ్గు ఆగేదో లేదో," అంది డాక్టరమ్మ. చీటీ రాస్తూ, "ఈవిణ్ణి ఎన్నాళ్లుగా మీరొక్కరే చూసుకుంటున్నారు?" అని అడిగింది.

కర్టెన్లమ్మ లెక్కపెట్టుకోలేకపోయింది. చిట్టి తలదించుకుంది.

ఇంటికొచ్చి తల్లిని పడుకోబెట్టాక చిట్టి ముందుగదిలో తానుల పక్కన కూలబడింది. "నువ్వు కొట్టావేమో అనుకున్నాను వదినా. టాక్సీలో అన్నయ్యకి అదే రాశాను. పంపబోయి ఆగాను."

"పంపాల్సింది."

"అబద్ధమెందుకు చెప్పావు?"

"నువ్వు అలా అనుకుంటావని."

ఇద్దరూ ఏడ్చారు. చిట్టి ఆమెను ఓదార్చలేదు. కళ్లు తుడుచుకుని లేచి వెళ్లిపోయింది. ఆ పూటే కర్టెన్లమ్మ భర్తకు ఫోన్ చేసి, తువ్వాలు సంగతీ, దగ్గు సంగతీ, తలుపు అబద్ధమూ ఏదీ దాచకుండా చెప్పింది. అంతా విని అతను, "నేను ఇంటిపట్టున ఉన్న రోజుల్లోనే అమ్మ దగ్గర రెండు గంటలు కూర్చోలేక బయటికి పోతుంటాను. నిన్నేమనను?" అన్నాడు. తిట్టి ఉంటే తేలికపడేదేమో.

మర్నాడు ఎరుపు నిజంగానే ఇంకాస్త పాకింది. చెప్పారు కదా అని ఎన్నిసార్లు అనుకున్నా, ఆమె మాటిమాటికీ వెళ్లి ఆ కన్ను చూసింది. పరీక్షలో రక్తం కాస్త ఎక్కువే పల్చబడిందని తేలితే గుండె డాక్టరు మాత్ర తగ్గించాడు, దగ్గుకూ మందిచ్చాడు. ఒకరోజు అన్నం కలిపి పెడుతూ ఆమె ఉండబట్టలేక, "నన్ను క్షమించండి అత్తయ్యా" అంది.

"దేనికే?"

"మిమ్మల్ని నొప్పించాను."

పెద్దావిడ ఆమె గడ్డం పట్టుకుని, "బండి ఆలస్యమైతే నువ్వేం చేస్తావమ్మాయ్" అంది. ఆ మాటకు మరింత దుఃఖం వచ్చింది. జరిగింది గుర్తులేని మనిషి పెట్టిన క్షమాభిక్ష అది. దాన్ని తీసుకోవడానికి చెయ్యి రాలేదు.

ఎరుపు గోధుమరంగైంది, పసుపైంది, ఓ పొద్దున చూస్తే కన్ను తెల్లగా ఉంది. ఆ శనివారం చిట్టి టాక్సీ తీసుకుని వచ్చింది. "ఇకనుంచి శని, ఆదివారాలు అమ్మ నా దగ్గరుంటుంది," అని సంచి సర్దింది. అడిగినట్టు కాదు, చెప్పినట్టే అంది.

ఖాళీ ఇంట్లో కర్టెన్లమ్మకు మిషను తొక్కబుద్ధి కాలేదు. ఎవరూ టైమడగలేదు. ఆదివారం సాయంత్రం ఫోన్ మోగింది.

"వదినా," అంది చిట్టి. "నేనూ అరిచాను. అమ్మ అన్నం ప్లేటు తోసేసింది. గట్టిగా అరిచేశాను. భయపడి మూల కూర్చుంది."

కర్టెన్లమ్మ తానుల మధ్య నేలమీద కూర్చుంది. "నువ్వు ముందు మంచినీళ్లు తాగు," అంది. "తాగాక వెళ్లి ఆవిడ పక్కన కూర్చో. ఏమీ మాట్లాడకు, ఊరికే కూర్చో. ఫోన్ పెట్టెయ్యకు. నేనుంటాను."