ఒకే ఇంటిపేరు, రెండు గోడలు

గుంటూరు బ్రాడీపేటలో, ఒకప్పుడు ట్యుటోరియల్ కాలేజీ నడిచిన మేడ మీద ఇప్పుడు చిన్న ఆర్ట్ గ్యాలరీ ఉంది. పోయిన చలికాలంలో అక్కడ మా బొమ్మలు పెట్టారు. మా బొమ్మలంటే నావీ, మా తోడికోడలివీ. ప్రకృతి మీద ఇద్దరు చిత్రకారిణుల ప్రదర్శన అని గ్యాలరీవాళ్లు బ్యానరు కట్టారు. పేపరు జిల్లా పేజీవాళ్లకి అది చప్పగా అనిపించింది కాబోలు, "కుంచె పట్టిన తోడికోడళ్లు" అని హెడ్డింగు పెట్టి, ఇద్దరినీ భుజం భుజం కలిపి నిలబెట్టిన ఫోటో వేశారు. అందులో ఆమె నవ్వుతోంది. నేను పళ్లు చూపిస్తున్నాను.

నేను డ్రాయింగ్ టీచర్ని. ఆర్ట్ కాలేజీలో చదువుకుని, పరీక్షలు రాసి, పట్టా పుచ్చుకున్నదాన్ని. ఆమె మా మరిది భార్య. పెళ్లై వచ్చిన కొత్తలో ముగ్గులు బాగా వేసేది, ఆ తర్వాత జాకెట్ల మీద నెమళ్లు వేసి వీధిలోవాళ్లకి ఇచ్చేది. "అక్కా, నాకూ నేర్పవా?" అంటే నా పాత బ్రష్షులు ఇచ్చింది నేనే. నీళ్లెక్కువ పెట్టొద్దని, నలుపు నేరుగా వాడొద్దని చెప్పిందీ నేనే. నాకు బుద్ధుంటేగా!

అయినా జనం ఆమెను మెచ్చుకున్నా ఓర్చుకునేదాన్నేమో. నాకు కావలసింది ఒకే ఒక మనిషి మాట. మా అత్తయ్యది. పెదకాకాని అవతల పల్లెలో ఉంటుంది. మిరప చేలల్లోనే జీవితమంతా గడిచింది. నేను కాపరానికి వచ్చిన దగ్గర్నుంచీ చుట్టాలతో నా గురించి ఆవిడ చెప్పే మాట ఒక్కటే: "మా పెద్దమ్మాయా? బొమ్మలేసుకుంటా కూర్చుంటది." తిట్టూ కాదు, పొగడ్తా కాదు. ఆవిడ లెక్కలో ఇంట్లో బొమ్మలేసేది నేనొక్కదాన్నే. అత్తయ్య ప్రదర్శన ఆఖరి రోజు వస్తానని కబురు చేసింది. నా బొమ్మలు ఒక గోడ మీద వరసగా ఉండగా ఆవిడ చూడబోవడం అదే మొదలు.

తలుపు తీయగానే కుడి గోడంతా నాది. పత్తి పువ్వు మొదటి రోజు లేత పసుపు, మర్నాటికి గులాబీ రంగు. ఒకే కొమ్మ మీద ఆ రెండిటినీ పక్కపక్కన వేశాను. బీటలు తీసిన నల్లరేగడి, ట్రాక్టరు వెనక వాలిన కొంగలు, వాడరేవు ఇసుకలో ఎండ్రకాయలు తవ్విన బొరియలు. ఒక్కోదాని మీద నెలల తరబడి కూర్చున్నాను. ఎడమ గోడ ఆమెది. అక్కడున్నవి చాలావరకు ఆకులూ పిట్టలూ, నా కంటికి మామూలువే. చివర్న మాత్రం మనిషంత ఎత్తు బొమ్మ ఒకటి ఉంది, మిర్చి కల్లం. ఎర్రగా ఆరబోసిన కాయల మధ్య ఆడవాళ్లు కూర్చుని, రంగుపోయి తెల్లబడ్డ తాలుకాయలు ఏరుతున్నారు.

ఆ బొమ్మ దగ్గర జనం చేసిన పని చూసి నాకు కడుపు రగిలిపోయింది. గుంటూరోళ్లం కదా, మిర్చి యార్డు రోడ్డు మీద వెళ్లేటప్పుడు ఘాటుకి చెయ్యి దానంతటదే ముక్కు మీదకి పోతుంది. ఈ బొమ్మ ముందుకు రాగానే కూడా అదే! ఆడవాళ్లు కొంగు అడ్డం పెట్టుకుంటున్నారు, మగవాళ్లు జేబురుమాలు తీస్తున్నారు. తర్వాత వాళ్లకే తెలిసి, ఒకళ్లనొకళ్లు చూసుకుని నవ్వుకుంటున్నారు. ఒక పెద్దాయనైతే నిజంగానే తుమ్మాడు. అది జలుబు తుమ్మని ఇప్పటికీ వాదిస్తాను. నా పత్తి పువ్వు ముందు మాత్రం అందరూ చేతులు వెనక్కి కట్టుకుని, "బాగుందండీ" అని మర్యాదగా చెప్పి ముందుకు పోయారు.

దానికి తోడు ఇంటిపేరు గొడవ. ఒకే ఇంటి కోడళ్లం, పేర్లలో మొదటి అక్షరమూ ఒకటే. గ్యాలరీవాళ్లు పటాల కింద ఇంటిపేరూ ఒక పొడి అక్షరమూ మాత్రం అంటించారు. వచ్చినవాళ్లు, టీచరమ్మను నేనే కాబట్టి, నేరుగా నా దగ్గరికొచ్చి, "మేడమ్, ఆ కల్లం బొమ్మ అద్భుతమండీ!" అనేవాళ్లు. "అది మా తోడికోడలిదండీ" అని ప్రతిసారీ నా నోటితో నేనే చెప్పాల్సి వచ్చేది. పుండు మీద కారం అంటారే, అది మా జిల్లా కారం.

ఆఖరి రోజు పొద్దున అత్తయ్య వచ్చింది. మావారు కింద దింపి, కారు పెట్టే చోటు వెతుక్కుంటూ పోయారు. మెట్లెక్కిన ఆయాసంలో ఆవిడ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. కుడి గోడ పక్కనుంచి మెల్లగా నడిపించాను. ఒక్కో పటం దగ్గర ఆగాను, నావని నేను చెప్పకుండానే ఏదో ఒకటి అంటుందని.

"చలికాలంలో ఏసీ ఎందుకే వీళ్లకి?" అంది పత్తి పువ్వు దగ్గర. కొంగల దగ్గర, "కూర్చోటానికి కుర్చీ లేదా?" అంది. అంతలో హాలు చివర ఆ ఎరుపు కంటపడింది. నా చెయ్యి వదిలేసి అటు నడిచింది.

బొమ్మ ముందు నిలబడగానే కొంగు ముక్కు మీదకి వెళ్లింది. వెళ్లింది గానీ, అందరిలా నవ్వుకోలేదు. అలాగే ఉంచుకుని, చాలాసేపు చూసింది.

"ఈమె కాలు చాపుకుంది చూడు," అంది, ఒక మూల కూర్చున్న మనిషిని చూపిస్తూ. "నడుం పట్టేసి ఉంటది. నేనూ ఇట్టాగే కూర్చునేదాన్ని." తర్వాత నా వైపు తిరిగింది. కళ్లు చెమర్చి ఉన్నాయి. "పెద్దమ్మాయ్, ఇన్నేళ్లూ ఏదో బొమ్మలేసుకుంటందిలే అనుకున్నా. నీ చేతిలో ఇంతుందా!"

నేను ఎదురుచూసిన మాట అదే. అక్షరం తేడా లేకుండా, నలుగురి ముందూ వచ్చింది. వచ్చింది మాత్రం నాది కాని బొమ్మ ముందు.

మా తోడికోడలు అక్కడే ఉంది. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "అవునత్తయ్యా, అక్క చేతిలో ఉంది," అంది నవ్వుతూ.

అప్పుడు మండింది నాకు అసలు మంట. ఆ బొమ్మ వేసినందుకు కాదు. దాన్ని తీసి, నా చీర కట్టుకో అక్కా అన్నంత తేలిగ్గా నా చేతిలో పెట్టగలిగినందుకు. అలా ఇచ్చేశాక కూడా ఆమెకి ఏమీ తగ్గలేదు. నేనైతే ఒక్క పత్తికాయ కూడా ఇచ్చేదాన్ని కాదు. ఆమె మీద అంత కుళ్లు నాకు ముందెప్పుడూ లేదు, ఆ తర్వాతా లేదు. మంచితనం పొంగి నిజం చెప్పానని ఎవరూ అనుకోవద్దు. ఆమె పెట్టే ముష్టి నాకు అక్కర్లేదనిపించింది, అంతే.

"నాది కాదత్తయ్యా," అన్నాను. గొంతు పెద్దదైనట్టుంది, అవతలివాళ్లు తిరిగి చూశారు. "చెల్లాయిది. ఈ గోడంతా చెల్లాయిదే."

అత్తయ్య చిన్న కోడల్ని చూసింది, బొమ్మని చూసింది. చెయ్యి చాపి ఆమె గడ్డం పుణికింది. నిదానంగా కొంగు సర్దుకుని, హాలంతా ఒకసారి కలయజూసి, నిజంగా తెలుసుకోవాలనే అడిగింది.

"మరి నీ బొమ్మలెక్కడ పెట్టారే?"