రెండో డివిజను బంతి

మొన్న మా మనవరాలి ఫుట్‌బాల్ మెత్తబడిందంటే నరసరావుపేట బజారుకు తీసుకెళ్లాను. కొట్టతను సూది గుచ్చి, మీట నొక్కి, అర నిమిషంలో చేతిలో పెట్టాడు. "అంతేనా?" అన్నాను. అతను నావైపు అదోలా చూశాడు. పాపం, అతనికేం తెలుసు!

ఎనభైల్లో మా జిల్లాలో ఆడపిల్లలకు ఫుట్‌బాల్ లీగు ఉండేదంటే ఇప్పుడెవరూ నమ్మరు. అందులోనూ మాది రెండో డివిజను. మొదటి డివిజను వాళ్లకు బూట్లుండేవి, మాకు పట్టుదల ఉండేది, అదీ కొందరికే. ఇంట్లో మాత్రం టైపు క్లాసుకు వెళ్తున్నానని చెప్పాను. మా నాయనకు సైకిల్ షాపు. కూతురు నిక్కరు వేసుకుని గ్రౌండులో గంతులేస్తోందని తెలిస్తే కాళ్లు విరగ్గొడతాడని నా భయం.

ఆ ఏడు ఆఖరి మ్యాచి మాచర్ల జట్టుతో, మా ఊళ్లోనే. గెలిస్తే మొదటి డివిజనుకు వెళ్తాం. ఒక గోలు ముందున్నాం, ఇంకో పావుగంట ఆట ఉంది. వాళ్ల పిల్ల బంతితో మీదికొచ్చేసరికి కంగారులో లాగి తన్నాను. బంతి వెళ్లి గ్రౌండు పక్కన సర్కారు తుమ్మ కంపలో పడి బుస్సుమంది. మాకున్నది ఆ ఒక్క బంతే. సొంతూరి జట్టే బంతి ఇవ్వాలి. ఇరవై నిమిషాల్లో తేకపోతే మ్యాచి మాచర్లదేనన్నాడు రిఫరీ. మా డ్రిల్లు మాస్టారు బంతి నా చేతిలో పెట్టి, "మీ నాయన షాపు వెనక వీధేగా, పరిగెత్తవే!" అన్నారు. నా టైపు క్లాసు సంగతి ఆయనకు తెలియదు. జట్టంతా నా మొహమే చూస్తోంది. అబద్ధమాడిన నా నోరు పడిపోను అనుకుంటూ, ఎవరిదో ఓణీ నిక్కరు మీద చుట్టుకుని పరిగెత్తాను.

నాయన చక్రం బెండు తీస్తున్నాడు. తల ఎత్తకుండానే, "టైపు క్లాసు అప్పుడే అయిందా?" అన్నాడు. బంతి ముందు పెట్టి, "ఇరవై నిమిషాలే ఉంది నాయనా" అన్నాను ఏడుపు గొంతుతో. ఆయన బంతి లేసు విప్పి, లోపలి రబ్బరు బ్లాడరు బయటికి తీసి, గాలి కొట్టి నీళ్ల తొట్టిలో ముంచాడు. బుడగలొచ్చిన చోట గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ రాసి, ఊరుకున్నాడు.

"తొందరగా అంటించు నాయనా!"

"ఆరకుండా అంటిస్తే ఊడిపోద్దే. ఆగు."

ఆగాను. ఆయన నోటితో ఊదుతున్నాడు. అప్పుడు చూశాను, బ్లాడరు మీద అప్పటికే మూడు ప్యాచీలున్నాయి.

"ఇయ్యన్నీ నేనేసినయ్యే," అన్నాడు నాయన. "మీ మాస్టారు మొదటిసారి తెచ్చినప్పుడే చూశా. తెగిన లేసు బదులు నీ జడ రిబ్బను కట్టుంది."

"మరి నన్నడగలేదేంది?"

ప్యాచీ అంటించి బొటనవేలితో గట్టిగా నొక్కాడు. "అడిగితే వద్దనాల్సొచ్చేది," అన్నాడు.

నేను చేరేసరికి రిఫరీ విజిల్ నోట్లో పెట్టుకుని ఉన్నాడు. మిగిలిన పావుగంటా బంతి తన్నాలంటే నాకు భయమే. ఆ ప్యాచీ నిలబడింది, మేమూ నిలబడ్డాం, మొదటి డివిజనుకు వెళ్లాం. మర్నాడు సాయంత్రం అమ్మ ముందే నాయన, "ఏమే, టైపు క్లాసుకు టైము కాలా?" అన్నాడు. మా ఇద్దరికీ నవ్వాపుకోవడం చానా కష్టమైంది.

ఆ రోజు సొల్యూషన్ ఎప్పుడారుతుందా అని ప్రాణం కొట్టుకుపోయింది. ఇప్పుడేమో అది ఇంకాస్త ఆలస్యంగా ఆరినా బాగుండేదే అనిపిస్తుంది.