ఆమె ఎడమ చెవి

మంగళవారం పొద్దున బాపట్ల నుంచి ఫోనొచ్చింది. చేసింది పెద్ద సిస్టర్ దగ్గర పని నేర్చుకున్న నర్సు. "సార్, ఎక్కడున్నారు? కూర్చుని ఉన్నారా?" అంది. కూర్చున్నాను. "పెద్ద సిస్టర్ గారు చనిపోయారండి. ఆరుంబావుకి. వారం నుంచీ గుండె బాగా బలహీనపడింది, మీకు తెలుసు కదా. నేను పక్కనే ఉన్నాను. ఓ అరగంట ఊపిరికి కష్టపడ్డారు, తర్వాత ఆగిపోయింది." అంతే చెప్పింది. ఫోను మాత్రం పెట్టెయ్యలేదు. నేను నోరు విప్పేదాకా లైన్లోనే ఉంది.

చావు కబురు ఇలా చెప్పాలని ఆ అమ్మాయికి నేర్పింది ఆ పోయినావిడే. మనవాళ్ళయితే శవాన్ని చాప మీద పడుకోబెట్టి కూడా "కొంచెం సీరియస్‌గా ఉంది, ఒకసారి వచ్చిపో" అంటారు. దాన్ని దయ అనుకుంటారు. అది దయ కాదు, పిరికితనం. పాతికేళ్ళపాటు ఆమె కొట్లాడింది ఈ పిరికితనంతోనే.

గురువారం తెనాలిలో, ఒక ఆసుపత్రి మేడ మీద ఆమె పాఠాలు చెప్పిన నర్సింగు స్కూల్లో సంతాపసభ పెట్టారు. నన్నూ మాట్లాడమన్నారు. నాకంటే ముందు మాట్లాడిన పెద్దమనుషులు ఆమెను అమ్మ అన్నారు, దేవత అన్నారు, ఓర్పుకు మారుపేరన్నారు. ఆడది జీతానికి పనిచేసి చచ్చిపోతే మనకు వెంటనే దేవత అయిపోతుంది. దేవతలకు పెన్షను బకాయిలుండవు కాబట్టి సౌకర్యం. సరే, అదీ భరించాను. తర్వాత ప్రిన్సిపాల్ లేచి అన్నాడు: "ఎవరు మాట్లాడినా ఆవిడ తల కాస్త ఎడమకు తిప్పి, కుడి చెవి వాళ్ళకిచ్చి వినేవారు. అదే ఆత్మీయంగా వినే పద్ధతి. మన పిల్లలందరికీ అదే అలవాటయింది."

చూస్తే నిజమే. ముందు వరసలో కూర్చున్న అమ్మాయిలు తలలు ఎడమకు తిప్పి వింటున్నారు. వాళ్ళకు నేర్పినవాళ్ళూ అలాగే వినేవాళ్ళు. ఒక బ్యాచి నుంచి ఇంకో బ్యాచికి ఆ తీరు దిగుతూ వచ్చింది.

అది పద్ధతి కాదు. ఆమెకు ఎడమ చెవి వినపడదు. దాన్ని పగలగొట్టింది నేను.

ఆ కుర్చీలో కూర్చుని నేను తేల్చుకోవలసింది ఇదొక్కటే. ఈ సంగతి ఆ పిల్లల ముందు చెప్పాలా, మింగెయ్యాలా. ఆసుపత్రుల దోపిడీ మీద రాసే మనిషిగా, గౌరవంగా పిలిపించుకుని ఆ స్కూలుకి ఎన్నోసార్లు వెళ్ళాను. చెబితే ఆ గౌరవం పోతుంది. చెప్పకపోతే నేను కొట్టిన దెబ్బ పాఠంగా మిగిలిపోతుంది.

పాతికేళ్ళ కిందటి మాట. మాది భట్టిప్రోలు. కుప్పలు వేసే రోజులు. పనలు ఎత్తుతుంటే మా తమ్ముణ్ణి తాచు కరిచింది. పొద్దున తొమ్మిదింటికి రేపల్లెలో ఒక చిన్న ప్రైవేటు ఆసుపత్రికి తీసుకుపోయాం. ఇప్పుడది మూతబడింది. అక్కడ విరుగుడు ఇంజెక్షను లేదు. లేదని చెబితే అప్పుడే వేరే దారి చూసుకునేవాళ్ళం. చెప్పలేదు. రెండు గంటలు పడుకోబెట్టి సెలైను ఎక్కించారు. తర్వాత ఉన్నట్టుండి హడావుడి పడి, ముఖానికి ఆక్సిజను మాస్కు తగిలించి, వ్యానెక్కించి, "తెనాలి తీసుకెళ్ళండి, సూదేస్తే లేస్తాడు" అన్నారు.

మా ప్రాంతంలో దీనికి 'రాసెయ్యడం' అని పేరు. రేపల్లె వాళ్ళు తెనాలికి రాస్తారు, తెనాలి వాళ్ళు గుంటూరుకి రాస్తారు. మనిషి పోయాక కూడా రాస్తారు. చావు తమ గుమ్మంలో జరగలేదని చూపించుకోవడానికి శవానికి మాస్కు పెట్టి ఊళ్ళు దాటిస్తారు. తెనాలి పోవాలంటే మా ఊరి మీదుగానే పోవాలి. అక్కడ మా అమ్మ ఎక్కింది. మాస్కు లోపల ఆవిరి పట్టడం లేదని నేను చూశాను. చూసి కూడా "ఊపిరాడుతోందమ్మా" అన్నాను.

తెనాలిలో వ్యాను దగ్గరికి వచ్చింది ఆమే. అప్పటికి క్యాజువాలిటీలో సీనియర్ నర్సు. మాస్కు తీసింది, నాడి చూసింది, గుండె విన్నది, కళ్ళలో లైటు వేసింది. డాక్టరు వచ్చి చూసి, ఆమెతో ఏదో గొణిగి తన గదిలోకి పోయాడు. గుంటూరు రాసేద్దాం, గొడవ మనకొద్దు అన్నాడట. అది నాకు తర్వాత తెలిసింది. ఆమె స్టూలు లాగి మా అమ్మను కూర్చోబెట్టింది.

"రేపల్లెలో మీకేం చెప్పారమ్మా?"

"సూదేస్తే లేస్తాడన్నారు తల్లీ."

"అమ్మా, మీ అబ్బాయి చనిపోయాడు. ఇక్కడికొచ్చేసరికే చనిపోయి ఉన్నాడు."

అరచెయ్యి విప్పి, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి ఆమె చెవి మీద కొట్టాను. ఆమె గోడకి కొట్టుకుంది. మా మేనమామ సెలైను స్టాండెత్తి భుజం మీద మోదాడు. ట్రే పడి సీసాలు పగిలాయి. ఆ గాజు పెంకుల మీద ఆమె పడింది. పడ్డ మనిషిని, వెంట వచ్చిన ఇంకో బంధువుతో కలిసి ముగ్గురు మగాళ్ళం కాళ్ళతో తన్నాం. "లేపవే, వాణ్ణి లేపు" అని అరుస్తూ తన్నాను. చెవిలోంచి రక్తం మెడ మీదుగా తెల్లచీరలోకి దిగడం కనపడుతూనే ఉంది. కనపడినా ఆగలేదు. మా అమ్మ ఆ స్టూలు మీదే కూర్చుని అంది: "ఆవిణ్ణి వదలండ్రా. పొద్దుణ్ణించీ నాతో నిజం మాట్లాడింది ఆవిడొక్కతే."

ఆమె మమ్మల్ని క్షమించిందని సభలో ఎవరో చెప్పుకొచ్చారు, మేం ఎవరమో తెలియకుండానే. అబద్ధం. కేసు పెట్టింది. ఆసుపత్రి వాళ్ళు రాజీ పడమన్నారు, మా కులపెద్దలు కబురంపారు, ఆమె పడలేదు. తెనాలి కోర్టు వరండాలో వాయిదాకి వచ్చి నా పక్కనే బెంచీ మీద కూర్చుంది. నన్ను లేచి ఇవతలికి వచ్చి కూర్చోమంది.

"ఎందుకండీ?"

"అటుపక్క వినపడదయ్యా. నీ పుణ్యమే."

లేచి కుడివైపు కూర్చున్నాను. అప్పటికే నేను పార్టీ కరపత్రాలు రాసేవాణ్ణి. ఆ రోజు జరిగినదానికీ నా దగ్గర పేరు సిద్ధంగా ఉంది. ప్రజాగ్రహం అన్నాను. ఆమె తల తిప్పి శ్రద్ధగా విన్నది.

"ప్రజాగ్రహమా. మరి అది నా చెవి మీదే ఎందుకు పడింది? డాక్టరు గది నాలుగడుగుల దూరంలో ఉంది. యజమాని మేడ రోడ్డుకి అవతల ఉంది. అంత దూరం నడవలేకపోయిందా మీ ఆగ్రహం?"

నాకు జవాబు తెలుసు. ఆ డాక్టరు మావాళ్ళ పిల్లాడు. మాది పొలాలున్న కుటుంబం. ఆమె దళితపేట నుంచి చదువుకుని వచ్చిన మనిషి. చెయ్యి లేచేటప్పుడు ఆ లెక్క దానంతట అదే చూసుకుని లేస్తుంది. ఆవేశానికి కళ్ళుండవంటారు గానీ, ఆ రోజు నా ఆవేశానికి కళ్ళూ ఉన్నాయి, కులమూ ఉంది.

"నన్ను కొట్టినందుకు నేను కేసు పెట్టాను. మందు లేదన్న ఒక్క ముక్క చెప్పకుండా రెండు గంటలు తినేసినవాళ్ళ మీద నువ్వెందుకు పెట్టలేదు?" అంది. వ్యాను ఎన్నింటికి వచ్చింది, ఒళ్ళు ఎంత చల్లబడి ఉంది, మాస్కు ఎలా ఉంది, అన్నీ తానే సాక్ష్యం చెబుతానంది. చెప్పింది. నా మీద కోర్టులో ఎంత స్పష్టంగా చెప్పిందో, నా తరఫున కూడా అంత స్పష్టంగానే చెప్పింది. నేను మూడు నెలలు జైల్లో ఉన్నాను. రేపల్లె ఆసుపత్రి మూతబడింది. రెండూ ఆమె మాట వల్లే.

తర్వాత ఆమె పాఠాలు చెప్పడం మొదలుపెట్టింది. నేను వెళ్ళి వెనక బెంచీలో కూర్చునేవాణ్ణి. నా రాతలకి పనికొస్తుందని చెప్పుకునేవాణ్ణి. నిజానికి అక్కడ మాట్లాడటం నేర్చుకున్నాను. డ్యూటీ మారేటప్పుడు నర్సుల గదిలో కాదు, రోగి మంచం పక్కనే నిలబడి, రోగి వింటుండగా అప్పజెప్పాలనేది. డాక్టరు ఫోనులో మందు చెబితే దాన్ని తిరిగి ఆయనకే చదివి వినిపించాలి. ఒక సర్జనుకి కోపమొచ్చి "నీకు చెవుడా?" అన్నాడట. "ఒక చెవేనండి. మోతాదు మళ్ళీ చెప్పండి" అందట. చెప్పాడు. పది రెట్లు తేడా వచ్చింది. 'లాభం లేదు', 'దేవుడున్నాడు' లాంటి మాటలు వార్డులో వినపడితే పిల్లల్ని బయట నిలబెట్టేది. "సూది తడబడుతూ గుచ్చితేనే ఎక్కువ నొప్పి. మాటా అంతే" అనేది. పక్క ఊరికి రాసేద్దామని ఎవరన్నా అంటే, "రోగిని రిఫర్ చెయ్యండి. దెబ్బల్ని రిఫర్ చెయ్యకండి. అక్కడ కూడా ఒక నర్సే ఉంటుంది" అనేది.

బాపట్లలో చివరి ఉద్యోగం. వాడరేవు నుంచి కాన్పుకి తెచ్చిన పిల్ల రక్తం పోయి చచ్చిపోయింది. పడవల మీద పనిచేసే అన్నదమ్ములు తలుపులు విరగ్గొట్టారు. మేం చేసిందానికంటే ఎక్కువేం కాదది. డాక్టరు బాత్రూములో గడియ పెట్టుకున్నాడు. ఆమె గ్రిల్లు తీసి బయటికెళ్ళింది. కుర్చీ వచ్చి వీపు మీద పడింది. నేల మీద కూర్చుండిపోయి, అక్కణ్ణుంచే ఎన్నింటికి ఏం జరిగిందో వరసగా చెప్పింది. రక్తం కోసం పదిన్నరకి ఫోన్ చేశామని, పన్నెండైనా రాలేదని. వాళ్ళు ఆగారు. విన్నారు. యాజమాన్యం మాత్రం వినలేదు. 'రోగి బంధువులకు అనవసర సమాచారం ఇచ్చినందుకు' అని మెమో ఇచ్చింది. ఆ కాగితం నేను చూశాను. కుర్చీ దెబ్బ వారంలో తగ్గింది గానీ ఆ మెమో ఏళ్ళ తరబడి ఆమెను లోపల్నుంచి కొట్టింది.

దాని తర్వాతే అక్కడ శిక్షణ పెట్టారు. కోటు వేసుకున్నాయన వచ్చి, నర్సు చిరునవ్వుతో మాట్లాడితే దాడులు జరగవని రెండు గంటలు చెప్పాడు. ఆమె లేచింది.

"ఒక్కటి అడగనాండి? నలభై మంచాలకి ఒక సిస్టర్ని వేశారు. మొదటి మంచం దగ్గర నవ్వి, నలభయ్యో మంచానికి వెళ్ళేసరికి అక్కడి మనిషి పోతే, అక్కడ కూడా నవ్వమంటారా?"

పిల్లలు నవ్వారు. ఆయన నవ్వలేదు. నేను ఇప్పటికీ ఇదే వాదిస్తాను. మాట్లాడే నేర్పు ఉండాలి, కానీ మనుషుల్ని వెయ్యకుండా, మందులు పెట్టకుండా, నిజం చెబితే మెమోలిచ్చి, ఆ నేర్పుని నర్సు మొహానికి కట్టి గుంపు ముందుకి తోస్తే అది శిక్షణ కాదు. బలి.

సభలో నా వంతు వచ్చింది. మైకు ముందు నిలబడ్డాను. ఇప్పుడు మీకు రాసిందంతా చెప్పాను, చెవి దగ్గర్నుంచి మొదలుపెట్టి. ప్రిన్సిపాల్ తల దించుకున్నాడు. వెనక వరస నుంచి ఒకమ్మాయి లేచి అడిగింది, కోపంగానే.

"మరి ఆవిడకి సారీ చెప్పారా సార్?"

"చెప్పానమ్మా. సరే, కూర్చో, ఫిర్యాదు కాగితం రాద్దాం అంది."

ఇంకా ఏదో చెప్పబోతుంటే కింద క్యాజువాలిటీలో అద్దం పగిలిన చప్పుడయింది. పిల్లలు పరిగెత్తారు. నేనూ దిగాను. పొన్నూరు రోడ్డులో బస్సు గుద్దిన ముసలాయన్ని తెచ్చారట. పది పన్నెండు మంది మగాళ్ళు గుమ్మం నిండా ఉన్నారు. వాళ్ళ మధ్య డ్యూటీ నర్సు, ఇరవై రెండేళ్ళుంటాయేమో. లోపలి గది తలుపు సందులోంచి మగగొంతు "గుంటూరు రాసెయ్యమ్మా, త్వరగా" అంటోంది. ఆ అమ్మాయి అటు తిరగలేదు.

"అన్నా, మీ నాన్నగారు చనిపోయారు" అంది.

ఎదురుగా ఉన్నవాడు చేతిలో హెల్మెట్ పైకెత్తాడు. నేను వెనకనుంచి వెళ్ళి ఆ మణికట్టు పట్టుకున్నాను. వాడు గుంజుకున్నాడు, మోచేత్తో నా పక్కటెముకల్లో పొడిచాడు, నేను వదల్లేదు. నా వేళ్ళ కింద వాడి నాడి దడదడ కొట్టుకుంటోంది. ఆ అమ్మాయి ఆ ముసలాయన్ని ఎన్నింటికి తెచ్చారో, అప్పటికి ఎలా ఉన్నాడో, తామేం చేశారో, వాడి కళ్ళలోకి చూస్తూ ఒక్కొక్కటే చెబుతోంది.