బ్లేడుతో కోసిన వ్యాసం

విమర్శ పుస్తకాలు పోగుచేస్తానంటే గురుగ్రామ్‌లో మా ఆఫీసువాళ్ళు నన్ను జాలిగా చూస్తారు. నవలలు కొనేవాళ్ళుంటారు, కవిత్వం కొనేవాళ్ళూ ఉంటారు. ఆ నవల ఎందుకు నిలిచిందో, ఆ కవిత ఎక్కడ చెడిందో ఎవరో తగువుపడి రాసిన పుస్తకాలు కొంటాను నేను. ఈ పిచ్చి ఎలా మొదలైందో మాత్రం మొన్నటిదాకా ఎవరికీ చెప్పలేదు.

అయిదేళ్ళ కిందట సివిల్స్‌కు చదివేదాన్ని. ఆప్షనల్ తెలుగు సాహిత్యం. ఢిల్లీలో తెలుగు విమర్శ పుస్తకం దొరకడం గగనమే. ఆర్.కె. పురం గవర్నమెంటు క్వార్టర్స్‌లో ఉండే ఒక తెలుగు అంకుల్ ఇంట్లో మాత్రం రెండు బీరువాల నిండా ఉండేవి. ఎవరైనా వచ్చి హాల్లో కూర్చుని చదువుకోవచ్చు. పుస్తకం గడప దాటకూడదు. ఒక ఆదివారం అక్కడ ఒక పాత సంపుటిలో నాకు కావలసిన వ్యాసం దొరికింది. పద్నాలుగు పేజీలు. ఫోన్లో ఫొటోలు తీసుకున్నాను. అక్కడితో ఆగితే సరిపోయేది. కానీ పై ఆదివారం నా రూమ్మేట్ కూడా అదే పుస్తకం కోసం వెళుతుందని తెలుసు. ఆమెకు అందకూడదని, పర్సులో ఉన్న బ్లేడుతో ఆ పేజీలు కోసేశాను.

ఆమె ఒక్కసారి వెళ్ళొచ్చింది. ఆ మరుసటి వారం "ఆ అంకుల్ ఇంటికి ఇగ నేను పోను" అంది. ఎందుకని అడగలేదు. తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాను.

ఆ ఏడు ఆ వ్యాసం మీద ప్రశ్నే రాలేదు. నా పరీక్షా పోయింది. ఉద్యోగంలో చేరాక, ఆ సంపుటి ఇంకో ప్రతి కోసం ఊరెళ్ళినప్పుడల్లా పాత పుస్తకాల షాపులు తిరిగాను. అది దొరక్క, దాని పక్కన దొరికినవన్నీ కొన్నాను. వాటిని చదివాక విమర్శంటే నిజంగానే ప్రేమ పుట్టింది. చివరికి ఈ వేసవిలో, విజయవాడలో అదీ దొరికింది.

పోయిన నెల అంకుల్ ఫోన్ చేశారు. "రిటైరవుతున్నానమ్మా, క్వార్టర్ ఖాళీ చేసెయ్యాలి. పుస్తకాలన్నీ నువ్వే పట్టుకెళ్ళు."

కొత్తగా దొరికిన ప్రతిని హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని వెళ్ళాను. ఆయన లోపలికెళ్ళినప్పుడు, కోసినదాన్ని తీసి ఇది పెట్టేద్దామని నా ఎత్తు. ఆయన కదిలితేనా! స్టూలు మీద కూర్చుని ఒక్కో పుస్తకం తీసి, పాత బనీనుతో తుడిచి, దాని గురించి నాలుగు మాటలు చెప్పి నా చేతికిస్తున్నారు. నేను కోసిన సంపుటి ఆకుపచ్చ అట్ట మూడో అరలో కనిపిస్తోంది. రెండో అర అయిపోవచ్చింది.

"అంకుల్, టీ తాగుదామా?" అన్నాను.

"ఉండమ్మా, ఈ మూడో అర కూడా కానిద్దాం." ఆకుపచ్చ అట్ట ఆయన చేతిలోకి వచ్చేసింది.

"ఇది నీకెందుకులే. మధ్యలో కోసేశారు. మీ రూమ్మేట్ పనే. తను వెళ్ళాక చూశాను. ఏమీ అనలేదనుకో, ఇంక రావద్దమ్మా అని ఫోన్లో చెప్పానంతే."

ఏం చెయ్యాలో తోచక బ్యాగులోని ప్రతి తీసి ఇచ్చాను. ఆయన ముఖం వెలిగిపోయింది. "ఎక్కడ సంపాదించావే తల్లీ! అందుకే ఇవన్నీ నీకిద్దామనుకున్నాను. పుస్తకం విలువ తెలిసిన పిల్లవి."

నోరు మూసుకుంటే రెండు బీరువాలూ నావే. మూసుకుందామనే అనిపించింది, అబద్ధమెందుకు.

"ఆ పేజీలు కోసింది నేనే, అంకుల్."

ఆయన చేతిలో బనీను గుడ్డ ఆగిపోయింది.

"ఫోన్ ఉండేదిగా నీ దగ్గర?"

"ఫొటోలు తీసుకున్నాకే కోశాను. తనకి దొరకకూడదని."

ఆయన కోప్పడతారని ఎదురుచూశాను. తిట్టినా బాగుండేది. ఆయన పాత సంపుటి తెరిచి, పేజీలు కోసిన చోట వేలితో తడిమారు.

"ఆ అమ్మాయి నంబరుందా?"

చెప్పాను. డయల్ చేసి స్పీకర్ ఆన్ చేశారు. అవతల "హలో, ఎవరు?" అన్న గొంతు గుర్తుపట్టాను.

"అమ్మా, ఆర్.కె. పురం అంకుల్‌ని. అయిదేళ్ళ కింద నిన్ను మా ఇంటికి రావద్దన్నాను. పుస్తకంలో పేజీలు కోసింది నువ్వనుకున్నాను. తప్పు నాదమ్మా, క్షమించు."

"మరెవరు కోసిన్రు, అంకుల్?"

ఆయన జవాబు చెప్పకుండా ఫోను నా చేతిలో పెట్టారు.