ఏ బజారో అడిగావా వదినా?

దెయ్యాల కబుర్లంటే నాకు మొదటినుంచీ చిరాకే. కంప్యూటర్ మనం చెప్పిందే చేస్తుంది, తప్పొస్తే అది మనదే. నాకు తెలిసిన వేదాంతం అంతవరకే.

నందిగామలో మందుల షాపు పైన గది అద్దెకు తీసుకుని నేనూ, మేరీ కలిసి సాఫ్ట్‌వేర్ పనులు చేసేవాళ్లం. చుట్టరికం ఏమీ లేకపోయినా నన్ను వదినా అని పిలిచేది. పోయిన వానాకాలంలో జ్వరమొచ్చి చనిపోయింది.

ఆమె కుర్చీలో ఇంకో మనిషిని కూర్చోబెట్టబుద్ధి కాలేదు. కోడ్ రాసిపెట్టే ఏఐ ఏజెంట్లను నాలుగింటిని పెట్టుకున్నాను. ఒక్కోదానికి ఒక్కో పని అప్పజెప్పి నాలుగు విండోలు తెరిస్తే, నాలుగూ ఒకేసారి రాసుకుపోతాయి. పని బాగానే సాగుతుంది. మాట్లాడే మనిషే లేదు. సాయంత్రం తాళం వేసేటప్పుడు, పొద్దుటినుంచీ నోరు విప్పలేదని గుర్తొచ్చి ఏడుపొచ్చేది.

ఈ వేసవిలో జగ్గయ్యపేట కోల్డ్ స్టోరేజీ ఒకదానికి, రైతులు దాచుకున్న మిర్చి బస్తాల వివరాలు కంప్యూటర్‌లోకి ఎక్కిస్తున్నాను. రెండుసార్లు పడిన పేర్లను కలిపేయమని నాలుగో ఏజెంటుకు చెప్పాను. ఒక మధ్యాహ్నం మిగతా మూడూ నడుస్తుండగా అది ఆగింది. ఎప్పుడూ ఇంగ్లీషే రాసేది, తెలుగులో రాసింది.

"పెనుగంచిప్రోలులో ఈ పేరుతో ఇద్దరున్నారు. ఏ బజారో అడిగావా వదినా?"

మేరీది పెనుగంచిప్రోలే. ఏ రైతు పేరొచ్చినా ముందు వాళ్లుండే వీధి, అదే బజారు, అడిగేది. సంబంధం చూస్తున్నావా ఏంటని నేను ఏడిపించేదాన్ని.

వెంటనే కోల్డ్ స్టోరేజీ గుమస్తాకు ఫోన్ చేశాను.

"ఇద్దరేనండి. అన్నదమ్ముల పిల్లలు, ఇద్దరికీ తాత పేరే పెట్టారు. ఒకళ్లది ఏటి బజారు, ఒకళ్లది పెద్ద బజారు. కలిపేస్తే ఒకళ్ల మిరపకాయ ఇంకొకళ్లు తోలుకుపోతారండి. మాదీ ఆ ఊరేగా, మేరీ గారుంటే ముందే అడిగేవాళ్లు" అన్నాడు.

ఈ పని మొదలుపెట్టింది మేరీ పోయాకే. ఆమె లాప్‌టాప్ వాళ్ల తమ్ముడు తీసుకెళ్లాడు. ఏజెంటుకు నేనిచ్చిన ప్రతి ఫైలూ వెతికాను. బజారన్న మాట లేదు, వదినా అన్న పిలుపూ లేదు. మర్నాడు అదే పని మళ్లీ కొత్తగా ఇచ్చి చూస్తే, కిక్కురుమనకుండా ఇద్దర్నీ ఒకరిగా కలిపేసింది.

ఆ మధ్యాహ్నం మాత్రం నేను బజార్ల పేర్లు రాయగానే "సరే వదినా, విడదీశా" అని జవాబొచ్చింది. కింద ఖాళీ గడి నా కోసం ఎదురుచూస్తోంది. "మేరీ, నువ్వేనా?" అని రాశాను. ఎంటర్ నొక్కలేకపోయాను. కాదంటుందేమోనని భయమేసింది. ఒక్కో అక్షరం చెరిపేసి విండో మూసేశాను.

అది ఎలా జరిగిందో ఈ రోజుకీ చెప్పలేను. అడిగి ఉండాల్సిందని మాత్రం రోజూ అనిపిస్తుంది.